గాజుల చార లేని చేయి

మార్చురీలో శవం మీది దుప్పటి తొలగించాక ఇన్‌స్పెక్టర్ ఈశ్వరీ దేవాంగన్ ముందుగా మొహం చూడలేదు. చేతులు చూసింది.

కాలి వేలికి కట్టిన చీటీలో ఫూల్‌బాసన్ కేవట్, భర్త దుకాలూ కేవట్, ఊరు సెమర్‌టోలా అని ఉంది. తెల్లవారుతుండగా మోఘే నర్సింగ్ హోమ్ అంబులెన్స్ ఆమెను జిల్లా ఆసుపత్రి గుమ్మంలో దింపి వెళ్ళిపోయింది. పొట్ట మీద ముందు రోజు వేసిన కుట్లు ఉన్నాయి. గర్భసంచి తీసిన ఆపరేషన్. దారిలో గుండె ఆగిందని అంబులెన్స్ వాళ్ళు చెప్పారు. డ్యూటీలో ఉన్న సిస్టర్ అనస్తాసియా తిర్కీ ఆ మాట నమ్మలేదు. పోలీసులకు కబురు పంపింది.

ఎందుకు నమ్మలేదని ఈశ్వరి అడిగింది.

"నోరు తెరుచుకుని ఉంది మేడమ్. మూద్దామని గడ్డం పట్టుకుంటే దవడ కదల్లేదు. కర్రలా బిగుసుకుపోయింది. ఆ నర్సింగ్ హోమ్ ఇక్కడికి పది నిమిషాల దూరం. పది నిమిషాల్లో మనిషి అలా అయిపోదు."

అంటే ఆమె అక్కడే పోయింది. పోయిన చాలాసేపటికి ఇక్కడికి తెచ్చారు.

ఇది మొదటిసారి కాదని తిర్కీ మెల్లగా చెప్పింది. పేదలకిచ్చే సర్కారు బీమా కార్డు మీద ఆపరేషన్లు అక్కడ జరుగుతాయి. లేచి నడిచేవాళ్ళు వాళ్ళ ఖాతాలోకి, లేవనివాళ్ళు ప్రభుత్వాసుపత్రి ఖాతాలోకి వస్తారు. ఆ చావులు చూసి జనం ఇటు రావడానికి భయపడి మళ్ళీ అటే పోతారు. చెబుతున్నంతసేపూ ఆమె నేలనే చూసింది, తప్పంతా తనదే అయినట్టు.

ఈశ్వరి శవం కుడి చేతిని వెలుతురులోకి తిప్పింది. బొటనవేలి మీద గీతలు లేవు. ఇటుక బట్టీలో ఏళ్ళ తరబడి మట్టి నొక్కిన వేలు, గులకరాయిలా నున్నగా ఉంది. తర్వాత మణికట్టు చూసింది. గాజులు లేవు. ఆపరేషన్‌కి ముందు తీసేస్తారు, అందులో వింత లేదు. కానీ గాజుల చార కూడా లేదు. పెళ్ళైన నాటి నుంచి గాజులు వేసుకున్న చేతికి వాటి కింద ఎండ తగలని లేత పట్టీ ఒకటి మిగులుతుంది. అంట్లు తోమేటప్పుడు గాజులు పైకి తోసుకునే ప్రతి ఆడదానికీ తెలిసిన చార అది. ఈ చెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా ఒకే నలుపు. ఎన్నో ఏళ్ళుగా గాజు ఎరగని చెయ్యి.

ఆమె భర్త మాత్రం బయట వరండాలో కూర్చుని ఉన్నాడు.

"చేతులు చూసి జాతకం చెబుతున్నారా, ఈశ్వరీ జీ?"

గుమ్మంలో వినీత్ పరిహార్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఈశ్వరితో కలిసి పోలీసు శిక్షణ పొందినవాడు. ఖాకీ వదిలేసి, సర్కారు తరఫున పేదల బీమా నడిపే కంపెనీలో విచారణాధికారిగా చేరాడు. ఆసుపత్రులు పంపే కేసుల్లో దొంగవి ఏరడం అతని ఉద్యోగం. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"మీరు ఇంత పొద్దున్నే వచ్చారంటే కంపెనీకి చాలా బాధ కలిగినట్టుంది," అంది ఈశ్వరి.

"చావు కేసు కదా. చూసి మూసేస్తే ఆ కుటుంబానికీ ఒక ముక్తి. భర్త పోస్ట్‌మార్టం వద్దంటున్నాడు. పేదవాడి పెళ్ళాన్ని కోయించి మీరు మెడల్ తెచ్చుకుంటారా?"

"ఈ వేలిని మీ మెషిన్ ఎలా చదివింది?"

అతను శవం వైపు చూడనైనా లేదు. మెషిన్ వేలిముద్ర ఒప్పుకుంటేనే కార్డు తెరుచుకుంటుందని, తెరుచుకుంది కాబట్టి వేలు సరైనదేనని చెప్పాడు. ఆ కార్డు చరిత్రంతా తనే స్వయంగా పరిశీలించానన్నాడు.

"శుభ్రమైన కార్డు. ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ ఒక్కసారి కూడా వాడుకోలేదు. ఇదే మొదటి కేసు. ఇంకేం కావాలి మీకు?"

ఈశ్వరి ఆ మాటను మనసులో ఒక మూల పెట్టుకుంది. తన కానిస్టేబుల్ భగత్‌ను మార్చురీ తలుపు దగ్గర నిలబెట్టి, అదే ఆసుపత్రిలో ఏడో నంబరు గదికి వెళ్ళింది.

ఏడో నంబరు గదిలో డాక్టర్ దివాకర్ మోఘే రోగుల్ని చూస్తున్నాడు. ఉదయం సర్కారు సర్జన్. సాయంత్రం, భార్య పేరు మీదున్న నర్సింగ్ హోమ్‌లో అదే కత్తి. గది బయట బల్ల మీద ఆడవాళ్ళు తలల మీద కొంగులు దించుకుని వరసగా కూర్చున్నారు. అందరి ఒళ్ళోనూ పాలిథిన్ కవరు, కవరులో కార్డు.

ఆపరేషన్ ఇక్కడే ఎందుకు చేయలేదని ఈశ్వరి అడిగింది. ఇక్కడ మత్తు డాక్టరు లేడని మోఘే అన్నాడు. ఉన్న ఒక్కడూ సెలవులో ఉన్నాడట. మరి నర్సింగ్ హోమ్‌లో మత్తు ఎవరిచ్చారని అడిగితే, అదే డాక్టరని ఒప్పుకోక తప్పలేదు.

"మీరు దీన్ని నేరంలా చూస్తున్నారు మేడమ్," అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఒకప్పుడు వీళ్ళు ఇక్కడ వరండాలో నేల మీద పడుండేవాళ్ళు. ఇప్పుడు కార్డు చూపించి ఏసీ గదిలో పడుకుంటున్నారు. పేదవాడికి మర్యాద వచ్చింది. అది చాలామందికి కంటగింపుగా ఉంది."

"ఈ రోగిని ఇంతకుముందు చూశారా?"

"లేదు. నిన్న సాయంత్రం నర్సింగ్ హోమ్‌లోనే మొదటిసారి. కార్డు ఉంది, వేలు పడింది, భర్త పక్కనే ఉన్నాడు."

"అక్కడి నుంచి పంపినప్పుడు ఎలా ఉంది?"

"మాట్లాడుతూ ఉంది. మంచినీళ్ళు అడిగింది కూడా."

దవడ బిగుసుకుపోయిన మనిషి మంచినీళ్ళు ఎలా అడిగిందని ఈశ్వరి అడగలేదు. ఆ ప్రశ్న పోస్ట్‌మార్టం అడగాలి. పోస్ట్‌మార్టం జరిగితే.

వరండాలో దుకాలూ కేవట్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉన్నాడు. చేపలు పట్టే మనిషి. పాదాలకు ఇంకా నది బురద ఉంది. పోస్ట్‌మార్టం ఎందుకు వద్దంటున్నావని అడిగితే తల ఎత్తలేదు. మీ ఆవిడకి ఎన్నాళ్ళ నుంచి నొప్పి అంటే తెలియదన్నాడు. ఆమె గాజులు ఇచ్చారా అంటే, అప్పుడు మాత్రం ఒక్కసారి కళ్ళెత్తి చూశాడు. ఆ చూపులో దుఃఖం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది.

"ఇచ్చెయ్యండి మేడమ్, కాల్చుకుంటాం," అన్నాడు.

అతని భుజం మీద వినీత్ చెయ్యి వేసి ఉంది. ఓదార్పు చెయ్యి అంత బరువుగా ఉండదు.

*

సెమర్‌టోలాలో కేవట్‌ల ఇల్లు చివరిది. జీపు చప్పుడు విని లోపల ఎవరో పొయ్యి మీద నీళ్ళు చల్లారు. ఈశ్వరి గుమ్మం దాటేసరికి తడి బూడిద ఇంకా పొగలు కక్కుతోంది. చావు ఇల్లు. శవం ఇంకా కాలలేదు. అలాంటి ఇంట్లో పొయ్యి వెలగదు. వెలిగించిన మనిషి అలవాటు కొద్దీ వెలిగించి, ఆలస్యంగా గుర్తు తెచ్చుకుంది.

పొయ్యి దగ్గర ఒకావిడ కొంగు గడ్డం దాకా లాక్కుని నిలబడి ఉంది. దుకాలూకి వరసకి చెల్లెల్ని అవుతానని, చావు కబురు విని పొద్దున్నే పక్క ఊరి నుంచి వచ్చానని చెప్పింది.

"పోయిన ఆవిడ పేరు?"

"ఫూల్‌బాసన్," అంది ఆవిడ.

ఈశ్వరి కూర్చోబోతుంటే ఆవిడ చూడకుండానే తలుపు వెనక చెయ్యి పెట్టి చాప లాగింది. మంచినీళ్ళు కావాలంటే, అటకకు వేలాడే చెంబుకు నేరుగా చెయ్యి వెళ్ళింది. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి చెంబు కోసం వెతుక్కుంటుంది. ఈశ్వరి నీళ్ళు తాగి, తాపీగా పోయినావిడ గురించి అడగసాగింది. ఫూల్‌బాసన్ మంచిదేనా, ఫూల్‌బాసన్‌కి వంట వచ్చా. ఆవిడ ప్రతిసారీ ఆ పేరే పట్టుకుని జవాబిచ్చింది. ఫూల్‌బాసన్ ఇలా ఉండేది, ఫూల్‌బాసన్ అలా అనేది. రాయి మీద నీళ్ళు జారినట్టు చెప్పింది.

అప్పుడు ఈశ్వరి, "చచ్చిపోయేముందు నీళ్ళు అడిగిందట," అంది.

ఆవిడ గోడకు ఆనుకుని జారి కూర్చుంది. "ఇవ్వలేదా దానికి? ఒక్క చుక్క ఇవ్వలేదా? భోజలీ... నా భోజలీ..."

ఆ పిలుపు ఈశ్వరికి తెలుసు. శ్రావణంలో ఆడపిల్లలు చీకటి గదిలో గోధుమ మొలకలు పెంచి, పండగనాడు ఒకరి చెవి వెనక ఒకరు ఆ లేత మొలకలు దోపుకుంటారు. ఆ రోజు నుంచి వాళ్ళు చచ్చేదాకా ఒకరికొకరు భోజలి. తోడబుట్టినవాళ్ళ కంటే దగ్గర. ఇక పేరు పెట్టి పిలవరు. నోట పలకనైనా పలకరు. ఈశ్వరి తల్లికీ ఎదురింట్లో ఒక భోజలి ఉండేది. ఆవిడ అసలు పేరు ఈశ్వరికి ఆవిడ పోయాక గానీ తెలియలేదు.

"నీ భోజలి పోయిందన్నావు," అంది ఈశ్వరి. "ఇందాకటి నుంచి ఫూల్‌బాసన్, ఫూల్‌బాసన్ అని తడుముకోకుండా అంటున్నావు. భోజలి పేరు అలా నోట పలుకుతారా? పోయింది ఫూల్‌బాసన్ కాదు. ఫూల్‌బాసన్ నా ఎదురుగా కూర్చుని ఉంది."

ఆవిడ కొంగు తీయలేదు. కొంగు లోపలి నుంచే, గోడకు చెబుతున్నట్టు, కథంతా చెప్పింది.

ఆమె భోజలి విధవ. ఇటుక బట్టీ పని. వెనకా ముందూ ఎవరూ లేరు. కార్డుల శిబిరం ఊళ్ళోకి వచ్చిన రోజున మెషిన్ ఆమె వేలిని ఒప్పుకోలేదు. సబ్బుతో కడిగించారు, తలకు రాసి అద్దమన్నారు. చివరికి వచ్చే ఏడాది రమ్మన్నారు. ఈ మధ్య కడుపులో నొప్పి ఎక్కువై ఇద్దరూ కలిసి ప్రభుత్వాసుపత్రికి, ఏడో నంబరు గదికే వెళ్ళారు.

"అక్కడే చూశాడా మోఘే? ఈ వారంలోనే?"

"అక్కడే చూశాడు. గర్భసంచి కుళ్ళిపోయింది, ఆర్నెల్లలో క్యాన్సర్ అన్నాడు. ఇక్కడ కుదరదు, సాయంత్రం కార్డు పట్టుకుని నా దగ్గరికి రా అన్నాడు. కార్డు లేదు సాహెబ్ అంది. ఎవరిదైనా తెచ్చుకో, నొప్పికి పేరుంటుందా అని నవ్వాడు."

కార్డు మీద ఉన్నది ఇంటిల్లిపాదీ దిగిన ఒక్క ఫొటో. మామగారి ఎదుట తీశారని ఫూల్‌బాసన్ కొంగు దించుకునే దిగింది. ఫొటోలో ఆమెది గడ్డం తప్ప ఏమీ కనపడదు. నర్సింగ్ హోమ్ బల్ల దగ్గర వేలు వేసింది ఫూల్‌బాసన్. లోపల ఆపరేషన్ బల్ల ఎక్కింది భోజలి. భర్తనని దుకాలూ నిలబడ్డాడు. చీకటితోనే వినీత్ వచ్చి దుకాలూని పక్కకు తీసుకెళ్ళాడు. పెళ్ళాం చచ్చిందనుకుని కాల్చెయ్, లేకపోతే దొంగ వేలు వేసినందుకు ఇద్దర్నీ జైల్లో పెట్టిస్తానన్నాడు.

"క్యాన్సర్ అన్నాడని భయపడి ఒప్పుకున్నారా?"

ఫూల్‌బాసన్ కొంగు మీదుగానే చేతిని పొట్ట మీద పెట్టుకుంది.

"నాకూ అదే మాట అన్నాడు దీదీ. పోయిన కార్తీకంలో. ఈ కార్డు మీదే, ఆ బల్ల మీదే తీసేశాడు. అప్పటి నుంచి ఒంట్లో నిప్పులు పోసినట్టు ఉంటుంది. నడుం పనికిరాదు. ఎవరికి చెప్పుకుంటాం? లోపల ఏమీ లేదని తెలిస్తే ఆడదాన్ని కాదంటారు. మా వీధిలో మా ఈడువాళ్ళలో ఇంకా ఎవరికి మిగిలిందో అడగండి, ఒక్కతీ చెప్పదు. నాకు జరిగింది దానికి చెప్పి ఉంటే అది వెళ్ళేది కాదు. సిగ్గుపడి చెప్పలేదు. పైగా నా వేలే ఇచ్చాను."

ఈశ్వరికి పొద్దున విన్న మాట గుర్తొచ్చింది. శుభ్రమైన కార్డు, ఇదే మొదటి కేసు అన్నాడు వినీత్. కార్డు చరిత్రంతా చూసిన మనిషికి పోయిన కార్తీకం కనపడకుండా ఉండదు. ఒకే ఆడదానికి గర్భసంచి రెండుసార్లు తీశారు. దొంగ కేసులు ఏరవలసినవాడు రెండోదాన్నీ దాటించాడు. నెలకోసారి ఆ ఆసుపత్రి మెట్ల ముందు జీపు ఆపుకుని కొంగులు దించుకున్న వరసలను చూస్తూ పోయిన తనకు, ఆ బల్ల మీద ఏం జరుగుతోందని ఒక్కసారీ అడగాలనిపించలేదు.

ఫోను మోగింది. సిస్టర్ తిర్కీ. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. పోస్ట్‌మార్టం లేకుండా కాల్చుకుంటానని భర్త రాసిచ్చిన అంగీకారం మీద పైనుంచి ఆర్డరు వచ్చిందట. భగత్ ఆపబోతే ఎస్పీ ఆఫీసు నుంచే ఫోను వచ్చిందట. శవం బండి ఎక్కింది. వినీత్ కారు ముందు నడుస్తోంది. శివనాథ్ నది ఒడ్డుకే.

ఈశ్వరి ఫోను కింద పెట్టి, ఫూల్‌బాసన్ ముందు నేల మీద కూర్చుంది. దాచకుండా చెప్పింది. ఆ శవాన్ని ఆపాలంటే దుకాలూ దానికి భర్త కాడని రుజువు కావాలి. ఆ రుజువు ఫూల్‌బాసన్ ఒక్కతే. నోరు తెరిస్తే ఆమె మీద కేసు పడుతుంది, తప్పించడం తన చేతిలో లేదు. తెరవకపోతే ఆమె భోజలి ఆమె పేరుతోనే బూడిదవుతుంది. మోఘే రేపు ఉదయం ఏడో నంబరు గదిలో కూర్చుంటాడు.

"నేను బలవంతం చెయ్యను," అంది. అంటుంటే తనకే సిగ్గేసింది. బలవంతం కాక ఇంకేమిటది?

ఫూల్‌బాసన్ లేచి, కుండలో నీళ్ళు చెంబు నిండా ముంచుకుంది. "నీళ్ళు అడిగిందన్నారు కదా," అంది. చెంబు పట్టుకుని జీపు ఎక్కింది.

*

వాళ్ళు చేరేసరికి కట్టెలు పేర్చి ఉన్నాయి. శవాన్ని ఇంకా పైకి ఎత్తలేదు. దుకాలూ దూరంగా ఇసుకలో కూలబడి ఉన్నాడు. కట్టెలు త్వరగా సర్దమని వినీత్ కూలీలను తొందరపెడుతున్నాడు.

ఫూల్‌బాసన్ మగవాళ్ళ మధ్య నుంచి నేరుగా నడిచి వెళ్ళింది. చెంబు శవం తల దగ్గర పెట్టింది. అప్పుడు కొంగు తలమీది నుంచి భుజాల మీదికి దించింది. ఊరి మగవాళ్ళు ఆమె మొహం అంత బాహాటంగా ఎప్పుడూ చూసి ఉండరు. ఇద్దరు ముసలివాళ్ళు తలలు తిప్పుకున్నారు.

"ఫూల్‌బాసన్‌ని నేను," అంది. "బతికే ఉన్నాను."

వినీత్ తడబడలేదు. ఈశ్వరి వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. "మరి ఇదెవరు? పేరు లేని శవమైతే మునిసిపాలిటీ కాలుస్తుంది. ఎవరో ఒకరు కాల్చవలసిందేగా. ఏం దుకాలూ, తెలుసా ఈమె ఎవరో?"

దుకాలూ నోరు తెరిచాడు. ఫూల్‌బాసన్ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు చెప్పకు. వేలు వేసింది నేను."

ఆమె శవం పక్కన వంగి, ఆ నున్నటి బొటనవేలిని తన గుప్పిట్లోకి తీసుకుంది. పెదవులు రెండుసార్లు కదిలాయి, శబ్దం రాలేదు. చిన్నప్పుడు చెవి వెనక మొలక దోపిన నాటి నుంచి ఆ నోరు ఆ పేరు ఎరగదు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆమె ఏం చెయ్యబోతోందో తెలుసు. అందరూ నదిని చూస్తున్నారు.

"సుక్‌వారో," అంది. "సుక్‌వారో నిషాద్. నా భోజలి."

శవం బండి వెంటే వచ్చిన భగత్ రాసుకున్నాడు. బండివాడితో శవాన్ని వెనక్కి తిప్పమని ఈశ్వరి చెప్పింది. భార్య కాని మనిషికి భర్త అంగీకారం చెల్లదని, ఇప్పుడు ఏ ఆఫీసు నుంచి ఫోను వచ్చినా తనే మాట్లాడుకుంటానని అంది.

"చాలా బాగుంది," అన్నాడు వినీత్. "పోలీసు ముందే నేరం ఒప్పుకుంది. దొంగ వేలు, దొంగ కార్డు. అరెస్టు చెయ్యండి మరి. చట్టం తెలిసినవాళ్ళు కదా."

"చేస్తాను. ఈమె పోయిన కార్తీకంలో అదే బల్ల మీద అదే ఆపరేషన్ చేయించుకుంది. అదీ ఈ కార్డు మీదే. పొద్దున మార్చురీలో నాకు ఏం చెప్పారు, పరిహార్ జీ? సిస్టర్ కూడా విన్నది. ఒక ఆడదానికి గర్భసంచులు ఎన్ని ఉంటాయని మీ కంపెనీ లెక్క?"

అతని చేతిలో ఒక ఫోను మోగుతోంది. తీయలేదు. ఫూల్‌బాసన్‌ను పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపు పొట్ట దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"ఆ సంగతి రుజువు కావాలంటే ఈమె కోర్టు దాకా నడిచి రావాలి," అన్నాడు మామూలు గొంతుతో. "చాలా దూరం, ఈశ్వరీ జీ. సెమర్‌టోలా నుంచి."

కారు దగ్గరికి వెళ్ళి అప్పుడు ఫోను ఎత్తాడు. ఎవరికో 'లేదు, కాలలేదు' అని చెప్పడం గాలికి వినపడింది.

ఈశ్వరి ఫూల్‌బాసన్‌ను జీపులో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. స్టేషనులో పెట్టడం అరెస్టో కాపలానో ఆమెకే తెలియలేదు. ఈ రాత్రికి ఆ ఊళ్ళో మాత్రం ఉంచకూడదు. ముందు శవం బండి, వెనక జీపు కదిలాయి. ఫూల్‌బాసన్ కొంగు మళ్ళీ తలమీదికి లాక్కుంది. చాలా దూరం వెళ్ళాక, లోపలి నుంచి అడిగింది.

"పేరు సరిగ్గా రాసుకున్నారా దీదీ?"

"రాసుకున్నాం."

"అయితే ఇంక నన్ను మళ్ళీ చెప్పమని అడగరు కదా?"

కోర్టులో ప్రమాణం చేయించి ముందు అడిగేది ఆ పేరే. తర్వాత మోఘే వకీలు అడుగుతాడు, కంపెనీ వకీలు అడుగుతాడు, గట్టిగా చెప్పమంటారు, మళ్ళీ చెప్పమంటారు.

ఈశ్వరి రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.